ఎదురుకాళ్ళ పథ్యం

అనుమానం ముందు పుట్టి, మనిషి తర్వాత పుట్టాడంటారు. ఆ మాట ఎవరిని చూసి అన్నారో నాకు తెలియదు గానీ, మా బావ సన్యాసిరావును చూసినవాళ్ళెవరూ కాదనరు. మా అక్క నూకమ్మను చేసుకున్న నాటి నుంచీ చూస్తున్నాను. కూరగాయల బండివాడు తూకం వేస్తుంటే తక్కెడ కింద చెయ్యి పెట్టి తడిమి చూస్తాడు. పాలవాడిని వాకిట్లో నిలబెట్టి, పాలచుక్కను గోటి మీద వేసుకుని జారుతుందా లేదా అని పరీక్షిస్తాడు. నేను ఎప్పుడైనా మిఠాయి పొట్లం పట్టుకెళితే, "ఏటి పైడీ, ఏటి పని పడింది?" అంటాడు. సొంత బావమరిదిని, ఒకే వీధిలో ఉన్నవాణ్ణి. నాకు ఒళ్ళు మండుతుంది.

పాపం, అతన్ని పూర్తిగా తప్పు పట్టడానికీ లేదు. అనుమానమే అతని అన్నం. టాటానగర్ పక్కన గమ్హరియాలో తుక్కు ఇనుము కొని కరిగించే ఫ్యాక్టరీ ఒకటుంది. అక్కడ మా బావ కాంటా బాబు. లారీ వచ్చి కాంటా మీద నిలబడితే, సరుకుతో ఒకసారి, సరుకు దించాక ఖాళీగా ఒకసారి తూచి చీటీ ఇవ్వడం అతని పని. డ్రైవర్లు తక్కువవాళ్ళా? నిండు లారీ తూచేటప్పుడు డ్రైవర్ పక్కనుండే ఖలాసీ టార్పాలిన్ కింద పడుకుంటాడు. ఖాళీ లారీ తూచే వేళకి దిగిపోయి టీ తాగుతుంటాడు. అంటే నిక్షేపంలాంటి మనిషిని తుక్కు ఇనుము కింద ఫ్యాక్టరీకి అమ్మేసినట్టే. అలాంటివాళ్ళను మా బావ టార్పాలిన్ ఎత్తి చెవి పట్టుకుని దించాడు.

పట్టుకోవడానికి అతనికో సూత్రం ఉంది. క్యాబిన్‌లో ఎంతమంది ఉన్నారని అడుగుతాడు. టక్కున జవాబు చెప్పినవాడు దొంగ. గొణిగి, తడబడి, ఒకసారి వెనక్కి తిరిగి చూసి చెప్పినవాడు నిజాయితీపరుడు.

"అబద్ధం ముందే వండుకుని వత్తాడు కాబట్టి బేగి వడ్డిస్తాడ్రా పైడీ. నిజం అప్పుడప్పుడే ఉడకాల గదా," అనేవాడు.

ఈ సూత్రం అతన్ని ఎప్పుడూ మోసం చేయలేదు. అందుకే మొన్నటి సంగతి మీకు చెబుతున్నాను.

వెనకటి రోజుల్లో కాంటా దగ్గర నిలబడి, లారీ చుట్టూ తిరిగి, చక్రాలు తన్ని చూసేవాడు. తర్వాత కంప్యూటర్ వచ్చింది. మా బావను గాజు గదిలో కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా కంప్యూటర్, ఎడమ పక్క కిటికీ, కిటికీ అవతల కాంటా. వేళ్ళు కంప్యూటర్ మీద, కళ్ళు కిటికీలో. పొద్దున్న కూర్చుంటే సాయంత్రం దాకా లేవడు. లేచిన ఆ కాసేపట్లోనే ఎవడో మోసం చేస్తాడని భయం. నీళ్ళు తాగితే లేవాల్సి వస్తుందని నీళ్ళు కూడా తాగడు. అక్క కట్టిచ్చిన క్యారేజీ కిటికీ వైపు చూస్తూనే తినేస్తాడు. ఏ కూరో అడిగితే చెప్పలేడు.

ఇలా ఏళ్ళు గడిచాక మెడ ఎడమకి తిరిగి అక్కడే ఉండిపోయింది. భుజాలు చెవుల దాకా లేచి బిగుసుకుపోయాయి. నడుం కర్ర. వీధిలో నడుస్తుంటే ఎడమ పక్క ఇళ్ళవాళ్ళందరూ తమనే అనుమానంగా చూస్తున్నాడని తలుపులు వేసుకునేవాళ్ళు. కుడి పక్క ఇళ్ళలో అతనికి కాస్త గౌరవం ఉండేది.

అక్క ఉప్పు మూటతో కాపడం పెట్టింది. ఆముదం రాసింది. కొడుకు అశోక్ బిష్టుపూర్‌లో ఒక ఫిజియోథెరపీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. కుర్రడాక్టరు. మెడా భుజమూ నొక్కి చూసి, ఇది జబ్బు కాదు, కదలకుండా కూర్చోవడం వల్ల కండరాలు బిగుసుకుపోయాయి అన్నాడు. కంప్యూటర్‌ను కిటికీ వైపుకి జరుపుకోండి, గంటకోసారి లేవండి, చేతులు పైకెత్తి ఒళ్ళు విరుచుకోండి, గడ్డం లోపలికి లాగి మెడ నెమ్మదిగా తిప్పండి, భుజాలు గుండ్రంగా తిప్పండి అన్నాడు. మా బావ బయటికి రాగానే చీటీని రెండు వైపులా తిప్పి చూశాడు.

"మందు రాయలేదు, సూదెయ్యలేదు. చేతులెత్తమన్నాడు. చేతులెత్తడానికి డాక్టరెందుకురా? ఈడికీ ఆ సూరజ్‌గాడికీ ఏటో ఉన్నాది," అన్నాడు.

సూరజ్ అంటే కాంటా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు. కంప్యూటర్ బాగా వచ్చు. మా బావ లేచి చేతులెత్తితే ఆ కుర్చీలో తను కూర్చుందామని చూస్తున్నాడని మా బావ నమ్మకం. ఇదొక్కటీ ఉత్త అనుమానం కాదు. మా బావది కాంట్రాక్టు ఉద్యోగం. ఈ వయసులో ఆ కుర్చీ పోతే ఇంకొక కుర్చీ వేసేవాళ్ళు లేరు. అందుకని డాక్టర్ చెప్పింది ఒక్కటీ చెయ్యలేదు.

ఇంతలో అశోక్‌కి పెళ్ళయింది. కోడలు సౌజన్యది పార్వతీపురం. చదువుకున్న పిల్ల. హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే లాప్‌టాప్ మీద పనిచేస్తుంది. ఆస్పత్రి బిల్లులు సరిచూడ్డం. మా పేట సోనారిలో వాళ్ళ ఇంటి వెనక చిన్న వరండా ఉంది, దానికి ఆనుకున్న గదిలో బల్ల వేసుకుని కూర్చునేది. మంచి పిల్ల. అత్తతో కలిసిపోయింది. నన్ను బాబాయ్ అని పిలుస్తుంది.

నాది టాటానగర్ స్టేషన్లో పార్సిల్ ఆఫీసు. నైట్ డ్యూటీ దిగితే పగలంతా ఖాళీ. ఒక ఆదివారం పొద్దున్నే బావ నా దగ్గరికి వచ్చాడు. తలుపు వేశాడు. కిటికీ కూడా వేశాడు.

"కోడలు ఎవులికో సైగ సేత్తందిరా పైడీ."

"ఎవరికి బావా?"

"అదే తెలీదు. గంటకోపాలి దాని ఫోను టింగుమంతాది. అంతే, లెగిసి ఎనక వరండాలోకి పోతాది. రెండు చేతులూ పైకెత్తుతాది. తల ఇటు తిప్పుతాది, అటు తిప్పుతాది. భుజాలెగరేత్తాది. మళ్ళీ లోనకొచ్చి ఏటీ ఎరగనట్టు కూకుంటాది. ఎదురు డాబా మీద పింటూగాడు లేడూ, పావురాలోడు? ఆడూ అప్పుడే చేతులెత్తుతాడు."

"వాడు పావురాల్ని ఎగరేస్తాడు బావా."

"నువ్వు సూసినావేటి ఆడు దేన్ని ఎగరేత్తన్నాడో?"

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. డాక్టర్ తనకు చెప్పిన కసరత్తే కోడలు కళ్ళెదుట చేస్తుంటే ఈ మహానుభావుడు పోల్చుకోలేకపోయాడు. పోల్చుకోవాలంటే ఆ రోజు డాక్టర్ మాట వినాలి కదా. నేను చెప్పి చూశాను. విని, నా వైపు ఎడమ కంటితో చూశాడు. "నీకెంత తెలుసో అంతే సెప్పు," అన్నాడు. నేను కూడా అటువైపు చేరిపోయానని అనుకున్నాడు కాబోలు.

అక్కడితో ఆగితే బాగుండేది. సాయంత్రం కొడుకుని కూర్చోబెట్టి, నెల తిరిగేలోగా నీ పెళ్ళాం చేత ఉద్యోగం మానిపించు అన్నాడట. కారణం చెప్పలేదు, అయినా కొడుక్కి అర్థమైంది. అశోక్ ఇక్కడ పుట్టి పెరిగినవాడు, కోపం వస్తే తెలుగు రాదు. "పాపా, శక్ కీ దవా తో హకీం లుక్మాన్ కే పాస్ భీ నహీ థీ," అని లేచిపోయాడట. అనుమానానికి అంత పెద్ద వైద్యుడి దగ్గరే మందు లేకపోతే మా సోనారిలో ఎక్కడ దొరుకుతుంది? కానీ మాట ఇంట్లో పడింది. సౌజన్య ముఖం ఆ రోజు నుంచీ వాడింది. ఆ ఉద్యోగం కోసం ఆ పిల్ల ఎంత కష్టపడిందో అక్కకు చెప్పుకుని ఏడ్చింది. అక్క మొగుడికి ఎదురు చెప్పే మనిషి కాదు. నాకు చెప్పుకుని తనూ ఏడ్చింది.

తర్వాతి ఆదివారం వచ్చింది. ఆదివారం బావకు సెలవు, కోడలికి పని. బావ తన గదిలో బీరువాకీ కిటికీకీ మధ్య ముక్కాలిపీట వేసుకుని, కర్టెన్ వెనక కూర్చున్నాడు. ఆ కిటికీలోంచి వరండా కనిపిస్తుంది. ఫోన్ టింగుమంది. సౌజన్య వరండాలోకి వచ్చింది. పింటూ డాబా ఎక్కాడు. ఇద్దర్నీ ఒకేసారి చూద్దామని మా బావ నడుం ఒక పక్కకి, మెడ ఇంకో పక్కకి తిప్పి ముందుకి వంగాడు. అంతే. పట్టేసింది.

మెడ, భుజం, నడుం మూడూ కలిసి బిగుసుకున్నాయి. లేవలేడు, తిరగలేడు. అరిస్తే దొరికిపోతాడు. అందుకని అరవకుండా, పళ్ళ బిగువున, ఆ పీట మీదే మెలి తిరిగి ఉండిపోయాడు. చివరికి మూలుగు విని వచ్చి కర్టెన్ తీసింది ఎవరనుకున్నారు? సౌజన్యే. మావగారిని చూసింది. పీటను చూసింది. కిటికీలోంచి వరండా చూసింది. అత్తను కేకేసి, ఇద్దరూ కలిసి పట్టుకుని మంచం మీదికి చేర్చారు.

సోమవారం కాంటా కుర్చీలో సూరజ్ కూర్చున్నాడు. డాక్టర్ మాత్రలిచ్చాడు. బావ వాటిని వెలుతురుకి పట్టించి చూసి, ఒకటి మింగి, ఒకటి దిండు కింద దాచాడు. వారం మధ్యలో మేనేజరు ఫోన్ చేశాడు. వచ్చే సోమవారానికి రాగలిగితే సరే, లేకపోతే సూరజ్‌నే ఉంచేస్తాం అన్నాడు. ఫోన్ పెట్టేశాక బావ గోడ వైపు చూస్తూ పడుకున్నాడు. అటు తప్ప ఇంకెటూ చూడలేడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవడం లేదు. అతని మీద నాకున్న కోపమంతా ఆ పూటకి చల్లారిపోయింది.

"ఎదురుకాళ్ళోళ్ళ సేత తొక్కించాల్రా తమ్ముడూ. అదొక్కటే మందు," అంది అక్క.

మావైపు వాళ్ళకి ఇది కొత్త కాదు. తల్లి కడుపులోంచి తల ముందు రాకుండా కాళ్ళు ముందు వచ్చినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందని నమ్మకం. ఇదివరకు మా తెలుగు బస్తీలో అప్పలసూరి తాత ఉండేవాడు. పొద్దున్నే అతని గుమ్మం ముందు నడుం పట్టినవాళ్ళు వరసలో ఉండేవాళ్ళు. బిహారీ వాళ్ళు కూడా వచ్చి తన్నించుకుని దండం పెట్టి వెళ్ళేవాళ్ళు. ఆయన ఊరెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే, నా కాళ్ళే నన్ను మొయ్యడం లేదు నాయనా అన్నాడు. ఇంకెవరైనా ఉన్నారేమోనని నేను సోనారి అంతా అడిగాను, గోవింద్‌పూర్ దాకా కబురు పెట్టాను. ఎక్కడా లేరు. ఉండరు కూడా. బిడ్డ అడ్డం తిరిగిందనగానే ఇప్పుడు కోసి తీసేస్తున్నారు. ఇక ఎదురుకాళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?

నేను వచ్చి ఆ మాట చెప్పాను. అక్క నెత్తిన చెయ్యి పెట్టుకుంది. అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ సౌజన్య అంది.

"నేను ఎదురుకాళ్ళతోనే పుట్టానత్తమ్మా."

అందరికంటే ముందు మంచం మీంచి బావ తేరుకున్నాడు.

"ఇన్నాళ్ళూ సెప్పలేదేటి?"

"చిన్నప్పుడు ఊళ్ళో ఎవరికి పట్టేసినా నన్నే లాక్కెళ్ళేవారు మావయ్యా. నాకు అసహ్యం. అత్తారింట్లో చెప్పొద్దని అమ్మ దగ్గర ఒట్టు వేయించుకున్నాను."

"అబద్దం," అన్నాడు బావ. "మావని తన్నడానికి ఏసిన ఎత్తు."

అక్క చెవులు మూసుకుంది. కోడలి కాలు మావ వీపు మీదా, ఎక్కడైనా ఉందా అని ఆవిడ బాధ ఆవిడది. బావ బాధ వేరు. తూకం తేల్చుకోకుండా చీటీ ఇచ్చే మనిషి కాదు కదా. వియ్యపురాలికి ఫోన్ కలపమన్నాడు. అందరూ వినేలా స్పీకర్ పెట్టమన్నాడు. కలిసీ కలవగానే సౌజన్య, "అమ్మా, నా ఎదురుకాళ్ళ సంగతి మావయ్యకి చెప్పేశానే," అంది. బావ ఆ పిల్లను కసిరి, ఫోన్ తన నోటి దగ్గర పెట్టమన్నాడు.

"చెల్లెమ్మా, నాను అడుగుతాను, నువ్వు సెప్పు. మీ అమ్మాయి పుట్టినప్పుడు ముందర తలొచ్చిందా, కాళ్ళొచ్చినాయా?"

అటు పక్క చాలాసేపు చప్పుడు లేదు. గొంతు సవరించుకున్నారు. "అంటే... అన్నయ్యగారూ... అది... ఇప్పుడెందుకండీ ఆ ఊసు? కాళ్ళే... మరి కాళ్ళే కదే సౌజీ... ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ, దాచాలని కాదు..."

బావ ఫోన్ పెట్టెయ్యమన్నాడు. ఆ వారంలో మొదటిసారి అతని ముఖం విప్పారింది.

"తడబడింది. సూసినావా పైడీ, ఎలగ తడబడిందో. నిజమే."

మర్నాడు పొద్దున్నే, ముఖాలు కూడా కడగకముందే, వెనక వరండాలో చాప వేశాం. అశోక్, నేను కలిసి బావను బోర్లా పడుకోబెట్టాం. అప్పుడు అర్థమైంది నాకు, ఆ మనిషికి అది ఎంత కష్టమో. ఏళ్ళ తరబడి ఎవరికీ వీపు చూపించని మనిషి. హోటల్లో కూడా గోడకి ఆనుకునే కూర్చుంటాడు. ఇప్పుడు నేల తప్ప ఏమీ కనబడదు, వెనక కోడలు నిలబడి ఉంది. భుజాలు ఇంకా బిగుసుకున్నాయి.

"ఒరే పైడీ, ఏటి సేత్తందిరా?"

"ఏమీ లేదు బావా. చెంగు దోపుకుంటోంది."

కాళ్ళ మీద ఏదో తగలగానే ఉలిక్కిపడ్డాడు. "ఏటి సేత్తందిరా పైడీ?"

"నీ కాళ్ళకి దండం పెడుతోంది బావా. పెద్దవాణ్ణి తొక్కుతున్నానని తప్పు ఒప్పుకుంటోంది."

సౌజన్య గోడ పట్టుకుని, మడమతో మెల్లగా, వెన్నెముకకి ఆ పక్కా ఈ పక్కా నొక్కుకుంటూ భుజాల దాకా వచ్చింది. మళ్ళీ కిందికి దిగింది. బావ మూలుగు కాస్త కాస్త సాగి, నిట్టూర్పులోకి దిగింది. ఆ తర్వాత ఆనవాయితీ ప్రకారం నడుం మీద తన్నులు. మొదటిది మెల్లగా. రెండోది మెల్లగా. మూడోది తన్నినప్పుడు నాకే నడుం జలదరించింది. "అమ్మా," అన్నాడు బావ. ఎక్కడో టక్కుమంది.

లేపి కూర్చోబెట్టాం. మెడ కుడివైపుకి తిరిగింది. పూర్తిగా కాదు, సగం. అయినా ఎన్నాళ్ళకో తిరిగింది కదా, అక్క ఏడ్చేసింది.

"దీనికి పథ్యం ఉంది మావయ్యా," అంది సౌజన్య. "గంటకోసారి కుర్చీలోంచి లేవాలి. రెండు చేతులూ పైకెత్తి ఒళ్ళు విరవాలి. మెడ తిప్పాలి, భుజాలు తిప్పాలి. కంప్యూటర్ కిటికీ పక్కకి జరుపుకోవాలి. ఒక్కపూట తప్పినా పట్టు రెండింతలై వస్తుంది. ఇంకొకటి. తొక్కినవాళ్ళ పనికి తొక్కించుకున్నవాళ్ళు అడ్డం రాకూడదు."

"అప్పలసూరి తాత ఇయ్యేటీ సెప్పలేదే?"

"ఆయనది మగకాలు మావయ్యా. ఆడకాలికి పథ్యం ఎక్కువ."

తడుముకోకుండా చెప్పింది. నొప్పి వదిలిన సుఖంలో బావ అది గమనించలేదు. నేను గమనించాను. కాఫీ కోసమని వంటింట్లోకి వెళ్ళి అడిగాను.

"నిజం చెప్పమ్మా."

"ఆపరేషన్ బాబాయ్. అమ్మ పొట్ట మీద కోత ఇప్పటికీ ఉంది. నాకు తల ముందో కాళ్ళు ముందో కూడా తెలీదు." పాలు పొంగుతుంటే స్టవ్ తగ్గించింది. "డాక్టర్ చెప్తే వినరు, నేను చెప్తే అసలే వినరు. కాళ్ళు చెప్తే వింటారేమోనని."

"ఆ మూడో తన్ను?"

"అది మాత్రం నాది." ఆ పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయి. "కర్టెన్ వెనక నుంచి ఒక మనిషి మనల్నే చూస్తున్నాడని తెలిస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసా బాబాయ్? అన్నం సయించదు. నా చెయ్యి నేను ఎత్తుకోవడానికి సిగ్గు."

కాఫీ తాగి వచ్చేశాను. ఆ రహస్యం నా కడుపులోనే ఉంచుకున్నాను. కోడలి ఉద్యోగం మాట మళ్ళీ ఎత్తలేదు బావ, పథ్యం మరి.

సోమవారం ఖర్కై నది వంతెన మీదుగా స్కూటర్ మీద గమ్హరియా వెళ్ళాడు. కుర్చీలోంచి సూరజ్‌ని లేపి కూర్చున్నాడు. డాక్టర్ చెప్తే చెయ్యనివాడు, ఎదురుకాళ్ళ పథ్యమనేసరికి తు.చ. తప్పకుండా చేశాడు. కంప్యూటర్ జరిపించుకున్నాడు. ఫోన్‌లో అశోక్ చేత గంట పెట్టించుకున్నాడు. టింగుమనగానే లేచి, గాజు గదిలో నిలబడి చేతులెత్తేవాడు. చూస్తుండగానే భుజాలు చెవుల నుంచి కిందికి దిగాయి. కుడి పక్క ఇళ్ళవాళ్ళు కూడా తలుపులు వేసుకోవడం మొదలుపెట్టారు, ఇప్పుడు ఇటు కూడా చూస్తున్నాడు మరి.

దసరాలు వెళ్ళాక ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే బావ చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని ఉన్నాడు. అక్క నన్ను చూసి పెదవి విరిచింది. ఎంత అడిగినా బావ ఏమైందో చెప్పలేదట. చివరికి తనే మొదలుపెట్టాడు.

"మేనేజరు పిలిసినాడ్రా. టీవీలో నా బొమ్మ సూపించినాడు. కెమెరాలు ఉన్నాయి గదా. గంట గంటకీ చేతులెత్తుతన్నాను. 'కిస్కో ఇషారా కర్తే హో?' అన్నాడు. ఎవులికి సైగ సేత్తన్నావని. ఏ లారీ వదలాల, ఏ లారీ ఆపాల అని డ్రైవర్లకి సెప్తన్నానంట."

"నువ్వేమన్నావు?"

"కసరత్తు సాబ్, అన్నాను." ఆగాడు. "టక్కున అన్నాన్రా పైడీ. ఆలోచించకండా అనేసినాను. నిజం గదా, మరి ఆలోచించడానికేటుంది? ఆడు నన్ను ఎలగ సూసినాడంటే, నాను డ్రైవర్లని సూసినట్టు సూసినాడు."

కుర్చీ తీసెయ్యలేదట. కానీ ఇకనుంచి కెమెరాలో చూస్తూ ఉంటామన్నారట. ఆ తర్వాత డ్యూటీ దిగేదాకా అతను కుర్చీలోంచి లేవలేదు. ఫోన్ టింగుమన్నా లేవలేదు. చెయ్యి ఎత్తబోతే వెనక ఎవరో చూస్తున్నట్టే ఉందట.

"ఈపు మండిపోయిందిరా. అన్నం కూడా ముట్టలేదు," అన్నాడు. విప్పని క్యారేజీ బల్ల మీద ఉంది.

లోపలి గదిలో ఫోన్ టింగుమంది. కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత గడియ పడిన చప్పుడు. బావకి పట్టేసిన నాటి నుంచీ సౌజన్య ఒళ్ళు విరుచుకోవడానికి వరండాలోకి రావడం మానేసింది. తలుపు గడియ వేసుకుని, ఇరుకు గదిలోనే ఆ చేతులేవో ఎత్తుకుంటోంది. ఆ చప్పుడు ఇంట్లో అందరూ రోజూ వింటున్నదే. బావ ఆ రోజే విన్నాడు. చాలాసేపు ఆ తలుపు వైపే చూశాడు.

లేచి తన గదిలోకి వెళ్ళాడు. బీరువా పక్కనుంచి ముక్కాలిపీట తీసుకొచ్చి వెనక వరండాలో పెట్టాడు. తన గది కిటికీ రెక్కలు మూసి, ఊడిపోతున్న గడియని రాయితో కొట్టి బిగించాడు. వచ్చి కోడలి తలుపు తట్టాడు. ఆ పిల్ల గడియ తీసింది, ముఖంలో భయం.

"అమ్మా, ఒకమాట అడుగుతాను. నువ్వు నిజంగా ఎదురుకాళ్ళతోనే పుట్టినావా?"

"అవును మావయ్యా," అంది సౌజన్య. టక్కున అంది. కన్ను కూడా ఆర్పలేదు.

ఆ సూత్రం అతనిది. ఆ జవాబు ఎంత తొందరగా వచ్చిందో అతనికి తెలియకుండా ఉండదు. బావ ఆ పిల్ల ముఖంలోకి చూశాడు, లారీ కింద వంగి చూసేటంత సేపు చూశాడు. సౌజన్య చెయ్యి గడియ మీదే ఉంది.

"అలగైతే సరే," అన్నాడు. "పొద్దుటి నుంచి మళ్ళీ పట్టేసింది. ఇంకోపాలి తొక్కమ్మా. వరండాలోనే."

చాప తనే పరుచుకున్నాడు. ఎదురు డాబా మీద పింటూ పావురాల్ని గూటికి పిలుస్తున్నాడు. బావ అటు చూడనైనా చూడలేదు. చేతులు తల కింద పెట్టుకుని బోర్లా పడుకున్నాడు. సౌజన్య చెంగు దోపుకుని, వంగి, ఆ కాళ్ళకి దండం పెట్టింది. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఏటి సేత్తందిరా పైడీ అని ఈసారి అతను నన్ను అడగలేదు.